మంగతాయారు పులిపిరి

ఇంటింటికీ వైద్యం చేసే అద్దాలు వచ్చాక ఊళ్ళో పులిపిర్లు కనబడడం మానేశాయి, మంగతాయారు మెడ మీది ఒక్కటి తప్ప. ఆమె బొట్టు పెట్టుకోబోయినప్పుడల్లా పడగ్గది అద్దం అడిగేది.

"మామ్మగారూ, గొలుసు ఒరుసుకుని వచ్చిన పులిపిరి అది. హాని లేదు. తీసేయనా?"

"రేపు చూద్దాంలే" అనేదామె. మూడేళ్ళ మనవరాలు మైత్రి ఆ పులిపిరిని వేళ్ళతో నలుపుతూ తప్ప నిద్రపోదు మరి.

ఇవాళ దానికి గొలుసు చిక్కుకుని రక్తం వచ్చింది. ఇక ఊడిపోతేనే మేలని, పూర్వపు అలవాటు కొద్దీ ఆమె దాని మొదట్లో గుర్రపు వెంట్రుక కట్టబోతే అద్దం గదమాయించింది.

"కట్టకండి, చీము పడుతుంది. ఇటు తిరగండి."

చీమ కుట్టినట్టయింది, అంతే. మెడ నున్నగా తేలింది.

మధ్యాహ్నం పక్క మీద మైత్రి ఆ మెడంతా తడిమింది.

"మామ్మా, నా బుడిపేదీ?"

ఇక ఏడుపు లంకించుకుంది. పాటకీ లొంగలేదు, బెల్లం ముక్కకీ లొంగలేదు.

అద్దం ముందు చొక్కా విప్పడానికి సిగ్గుపడే తాతయ్య పుండరీకాక్షయ్య, ఆ ఏడుపు విని స్నానం మధ్యలోనే తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పిల్లని ఎత్తుకున్నాడు. ఎక్కిళ్ళ మధ్య దాని చెయ్యి ఆయన చంకలోకి జారింది. ఏడుపు ఠక్కున ఆగింది.

"దొరికింది!" అంది మైత్రి. కాసేపటికి కళ్ళు మూతలు పడ్డాయి.

అద్దం ఉత్సాహంగా వెలిగింది.

"తాతగారూ, మీకూ ఒకటుందే! హాని లేదు. తీసేయనా?"

"నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ గుసగుసగా. "పిల్ల పడుకుంది."