పాత పాస్‌వర్డ్

"నా ఎకౌంట్ మళ్లీ లాకయిందన్నా" అంటూ ఆస్పత్రి నెట్‌వర్క్ గదిలోకి వచ్చింది ల్యాబ్ ఉద్యోగిని.

అక్కడి ఇంజనీరు నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టి లాకు తీసి, ఆమె చేత పాస్‌వర్డ్ టైపు చేయించాడు. సర్వర్ సరేనంది.

"ఇది బాగానే ఉందమ్మా. ఏదో ఫోను, నీ పేరుతో పదే పదే తప్పు పాస్‌వర్డ్ పంపి మన వైఫైలోకి రావాలని చూస్తోంది, అందుకే లాకవుతోంది. పాత ఫోనుందా?"

ఆమె పోయిన వారం మొగుడి దెబ్బలకు తాళలేక కట్టుబట్టలతో బయటపడింది. మర్నాడే పాస్‌వర్డ్ మార్చుకుంది. పాత ఫోను మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

"అది మా ఆయన దగ్గరుంది. ఇంట్లోంచి ఎలా పంపుతుందన్నా?"

"మన వైఫై గేటు దాటదమ్మా." అతని గొంతు తగ్గింది. "పొద్దున రిసెప్షన్ దగ్గరుంది. ఇప్పుడు ఈ అంతస్తులోనే ఉంది."

అతను గబగబా తలుపు గడియ పెట్టి, ఆమెనడిగి భర్త ఆనవాళ్లు సెక్యూరిటీకి ఫోన్‌లో చెప్పాడు. ఆమె గోడకు అతుక్కుపోయింది. ఐదు నిమిషాలకు ఫోను మోగితే అతను స్పీకర్ పెట్టాడు.

"లిఫ్ట్ దగ్గర పట్టుకున్నాం సార్. మొగుడూ పెళ్లాల గొడవేనట. వదిలేయమంటారా?"

అతను ఆమె వైపు చూశాడు. ఇంటి గుట్టని ఇన్నేళ్లూ పెదవి విప్పని మనిషి ఫోను అందుకుంది.

"వదలొద్దు. పోలీసుల్ని పిలవండి."