తడి ఆరని మట్టి

"మళ్ళీ ఎవరు పోసేశారు నీళ్ళు?"

డాబా మీద నుంచి ఉషారాణి కేక విని గిరిబాబు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి మెట్లెక్కాడు. వెదురుబద్దల మీద ప్లాస్టిక్ షీటు కప్పి భార్య కోసం అతనే కట్టిన చిన్న గ్రీన్‌హౌస్ అది. లోపల ఆమె ట్రే ముందు కూలబడి ఉంది. మట్టి బురదైపోయింది. నిన్నటిదాకా నిటారుగా ఉన్న టమాటా మొలకలు మొదళ్ళు నల్లబడి పక్కకు వాలిపోయాయి.

"కుళ్ళిపోయాయండీ. ఇది రెండోసారి. పొద్దున్న ఏడింటికి ఒక్కసారి చిలకరిస్తాను, అంతే. ఇంత నీరెక్కడిది?"

బిలాస్‌పూర్‌లో ఎండలు ముదిరేలోగా కాయ పడాలంటే జనవరి చలిలోనే షీటు కింద నారు పోసుకోవాలి. ఎరువులూ మందులూ ఎరగని ఆ విత్తనం ఉషారాణి తల్లిది. ఆవిడ చివరి రోజుల్లో కూతురి పేరు కూడా మరిచిపోయి, పోయింది. అప్పట్నుంచి ఏటా పండిన కాయల్లోంచి గింజలు తీసి, బూడిదలో ఆరబెట్టి దాచుకొస్తోంది ఉషారాణి. ఇక మిగిలింది ఒక్క చిటికెడు.

ఆ చిటికెడూ ఆ రోజే చల్లేసింది. గ్రీన్‌హౌస్ తలుపుకు తాళం వేసి, చెవి దేవుడి పటం వెనక పెట్టింది.

తొమ్మిదో రోజుకి మొలకలొచ్చాయి. పన్నెండో రోజు సాయంత్రం చూస్తే మట్టి మళ్ళీ ముద్దగా ఉంది. సగం మొలకలు పడిపోయాయి. ఆమె తిన్నగా కిందికి దిగి అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. అసిరమ్మకు ఎనభై దాటాయి. నుదుటి మీదున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుక్కుంటుంది.

"అత్తా, నిజం చెప్పు. తాళంచెవి నువ్వే తీశావు కదూ?"

"నానేటి సేసినానమ్మా? ఈ మోకాళ్ళతో డాబా ఎక్కగల్నా?"

"నువ్వు మర్చిపోతావత్తా. పోసిన సంగతి నీకే గుర్తుండదు."

ముసలామె కొడుకు వైపు చూసింది. "నీకూ అలాగే అనిపిస్తందేటిరా?"

గిరిబాబు తల దించుకున్నాడు.

"అచ్ఛా," అంటూ ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే రెండు చీరలు సంచిలో పెట్టుకుని, ఊళ్ళోనే దయాల్‌బంద్‌లో ఉన్న కూతురింటికి ఆటో ఎక్కింది. ఎక్కేముందు కోడలి తల నిమిరింది. "మిగిలినయ్యన్నా బతకాల," అంది.

అవీ బతికేలా లేవు. రెండు రోజులకే మళ్ళీ ట్రే నిండా తడి. ఈసారి ఉషారాణి అరవలేదు. మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అత్త లేదు కదా. మరెవరండీ? పక్క డాబా మీంచి ఎవరైనా దిగుతున్నారా? ఇంకా పదిహేను మొలకలున్నాయి. అవి కూడా పోతే మా అమ్మది అంటూ ఇంకేమీ మిగలదు."

"రేపు నేను డ్యూటీకి వెళ్ళను," అన్నాడు గిరిబాబు. "ట్యాంకు వెనక కూర్చుంటాను. ఎవరైతే వాళ్ళు దొరుకుతారు."

మర్నాడు తెల్లవారగానే చాప పట్టుకుని వెళ్ళి నీళ్ళ ట్యాంకు చాటున కూర్చున్నాడు. కట్నీ లైను మీద బొగ్గు గూడ్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. మధ్యాహ్నం అన్నానికి ఉషారాణి పిలవలేదు. అతనూ దిగి రాలేదు.

సాయంత్రం ఆమె పైకి వచ్చేసరికి ట్రే అడుగు నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఒక్క మొలకా నిలబడి లేదు. వాలిన ఒక మొలకను వేలితో లేపి చూసింది. అది తెగి చేతికొచ్చింది.

గిరిబాబు ట్యాంకు పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"చూశారా? ఎవరు?"

ఆమె వచ్చి భుజం పట్టి కుదిపింది. "చెప్పరేటండీ? ఎవరొచ్చారు?"

అతను ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఆపలేకపోయాను. రేపు అమ్మని తీసుకొచ్చేద్దాం," అన్నాడు.

"ముందు ఎవరో చెప్పండి!"

"పొద్దుట్నుంచి నాలుగుసార్లు నువ్వే వచ్చి పోశావు, ఉషా."