నాన్న రెండో భుజం

"రేడియోలో మన ఇంటి సంగతులెందుకే? ఊళ్లో ఇంకెవరికీ నాన్నలు లేరా?" కుట్టుమిషను ఆపకుండానే విసుక్కుంది అక్క.

చెల్లెలు కత్తిరించిన గుడ్డముక్కల్ని పక్కకు జరిపి బల్ల అంచున కూర్చుంది. వారం వారం ఆమె రేడియోలో సైన్సు కబుర్లు చెబుతుంది. కొత్తగా కనిపెట్టినవీ, పండితులు ఇంకా తగువులాడుకుంటున్నవీ వంటింట్లో పని చేసుకుంటూ వినేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆమె పని. ఈ వారం జ్ఞాపకాల వంతు వచ్చింది.

"ఉన్నారు. కానీ మన నాన్న గురించి నాకున్న జ్ఞాపకం ఒక్కటే కదక్కా. దాంతోనే మొదలుపెడదామని."

ఆ ఒక్కటీ తోకచుక్క రాత్రి. డాబా మీద నాన్న ఎడమ భుజమెక్కి, ఆయన చెవి గట్టిగా పట్టుకుని ఆకాశం చూడటం. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన చేతుల నుంచి వచ్చే నూనె వాసన. మెడ దగ్గర గుచ్చుకునే ఎర్ర ఉన్ని స్వెట్టరు. కింద నాన్న కాళ్ల దగ్గర నిలబడి 'నన్నూ ఎత్తుకో' అని అక్క పెట్టే రాగం. చెల్లెలికి సరిగా ఊహ రాకముందే నాన్న పోయాడు. ఇప్పుడు అమ్మా లేదు. అడగడానికి మిగిలింది అక్క ఒక్కతే.

"ఇంతకీ ఏమంటారు మీ సైన్సువాళ్లు?"

"జ్ఞాపకం ఫొటో లాంటిది కాదంటారు. తలుచుకున్నప్పుడల్లా మెదడు దాన్ని కాస్త విప్పి మళ్లీ కుడుతుందట, నువ్వు పాత చొక్కా కుట్లు విప్పి లూజు చేసినట్టు. ఆ కుట్టడంలో ఎవరో చెప్పిన మాటో, ఎక్కడో చూసిన బొమ్మో కూడా కలిసిపోవచ్చు. అసలు జరగని సంగతి కూడా జరిగిందని ఒట్టేసి చెప్పినవాళ్లున్నారు."

అక్క కాలు పెడలు మీద ఆగింది. "అంటే అన్నీ అబద్ధాలేనా?"

"అక్కడే తగువు. అంచులు మారినా అసలు సంగతి చెక్కుచెదరదని కొందరు. గుడ్డంతా మారిపోవచ్చని ఇంకొందరు. ఇంకా తేలలేదు."

"పనిలేనివాళ్లు! మనిషికి మిగిలేవే నాలుగు జ్ఞాపకాలు. వాటికీ కొలతలు తీయాలా?"

"నా భయం అదేనక్కా. ఆ రాత్రి నిజంగా నాదేనా? నువ్వు చెప్పగా చెప్పగా నాకు అంటుకుందా?"

అక్క దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది. "నీదే. నీది కాక నాదా? కింద నిలబడి ఏడ్చినదాన్ని, నాకేం కనిపించి చచ్చింది?"

"అయితే ఇంకోసారి చెప్పు."

"వందసార్లు చెప్పాను కదే!"

"ఈ ఒక్కసారికి."

బళ్లో ఎవరైనా వాళ్ల నాన్న ఊసెత్తిన రోజున, దుప్పటి ముసుగులో అక్క ఈ కథే చెప్పేది. ఇప్పుడూ ఆ గొంతే వచ్చింది.

"నాన్న నిన్ను భుజం మీద పెట్టుకుని మెట్లన్నీ దడదడా ఎక్కేశాడు. నువ్వు చెవి పట్టుకుని లాగితే, 'ఓసి నీ పిడికిలి బంగారంగానూ, అది మిషను పిడి కాదే' అన్నాడు. పైకెళ్లాక నీకు తోకచుక్క కంటే పక్కింటి డాబా మీది నీళ్లతొట్టే నచ్చింది. మూత తీసి ఉంది. ఆ నీళ్లలో తెల్లగా, చిన్నగా, తోకతో సహా..." అక్క కళ్లు కిటికీ వైపు వెళ్లి అక్కడే ఉండిపోయాయి.

"మధ్యలో పిట్టగోడ అడ్డం కదా. కింద నుంచి నీకెలా కనిపించింది?"

మిషను చక్రం మీద అక్క చెయ్యి బిగిసింది. "నువ్వే చెప్పావు. దిగగానే."

"అవునేమో. నేనే చెప్పి ఉంటాను" అంది చెల్లెలు.

కాసేపు అక్క ఏదో బొత్తాం వెతికింది. "రేడియోలో చెబితే చెప్పు గానీ, ఏ తోకచుక్కో, ఏ ఏడో మాత్రం చెప్పకు."

"ఎందుకూ?"

"ఆ రోజుల్లో అంత పెద్దది ఒక్కటే వచ్చింది. ఊరంతా కూర్చుని నా వయసు లెక్కగడుతుంది. నేను కొలతలు తీసేదాన్ని, ఇచ్చేదాన్ని కాదు." నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. "అయినా, ఎవరో ఖగోళం ప్రొఫెసరుగారిని అడుగుతానన్నావుగా?"

"ఆయన ఊళ్లో లేరట."

అక్క కొత్త దారం బాబిన్ ఎక్కించింది. మిషను మళ్లీ హాయిగా పరుగెత్తింది.

"ఏ ఏడో చెప్పనులే. కానీ కథలో చిన్న మార్పు చేస్తాను" అంది చెల్లెలు.

"ఏంటది?"

"నాన్న కుడి భుజం ఖాళీగా ఉంది కదా. ఈసారి దాని మీద నువ్వుంటావు."

"నేను కింద ఏడుస్తున్నాను కదే!"

"ఎన్నేళ్లని ఏడుస్తావు? పైకి రా. తలుచుకున్నప్పుడల్లా మారుతుందని చెప్పాగా, సైన్సు ఏమీ అనుకోదు."

"ఇద్దర్నీ మోస్తే ఆయన నడుం విరగదూ?"

"మిషన్లు మోసిన మనిషి. మనమో లెక్కా?"

అక్క మిషను ఆపింది. కంట్లో పీచు పడిందని కొంగుతో ఒత్తుకుంది. చాలాసేపు ఒత్తుకుంది. చెల్లెలు లేచి, వెళ్తూ వెళ్తూ వంగి అక్క చెవి పట్టుకుని లాగింది.

"ఓసి నీ పిడికిలి బంగారంగానూ!" అంది అక్క, అచ్చం నాన్నలా.

నాన్న గొంతు ఎలా ఉండేదో చెల్లెలికి తెలియదు. ఇలాగే ఉండేదనుకుంటూ మెట్లు దిగింది.

ఆ పొద్దునే ప్రొఫెసరుగారు ఫోనులో చెప్పిన తోకచుక్క ఏడాదికి చెల్లెలు ఇంకా పుట్టలేదు.