మూజువాణి ఓటు

“ఎమ్మెల్యే పెండ్లాం బట్టలు కుడితే ఏం బాగుంటది? రజనీ, నీ అమీర్‌పేట కుట్టు షాపు మూసేద్దాం. సరేననేటోళ్లు అవుననుండ్రి!”

పంజాగుట్ట ఇంట్లోనూ రాజనర్సుది అసెంబ్లీ పద్ధతే. “అవును!” అని తనే గట్టిగా అరిచాడు. “తీర్మానం నెగ్గింది.”

“ఉత్త అరుపులు చెల్లవు నాన్నా,” అంది కూతురు మమత. “అవునన్నోళ్లు లేచి నిలబడాలె. తలలు లెక్కపెట్టాలె.”

రాజనర్సు నవ్వుతూ లేచాడు. భార్య రజని, పిల్లలిద్దరూ కుర్చీల్లోంచి కదల్లేదు.

“మరి ఇన్నేండ్లు అవునన్నదెవరే?”

“నువ్వే,” అంది రజని. “మేం నోరు తెరిచేలోపే నెగ్గిందంటవ్.”

రాజనర్సు మెల్లగా కూర్చున్నాడు.

“సభ్యుడు ఓటు మార్చుకున్నడు,” అని ప్రకటించింది మమత. “కారణం చెప్పాలె.”

“మీ మాట ఇయ్యాల్నే వినబడ్డది,” గొణిగాడు.

“జర గట్టిగ చెప్పు,” అంది రజని. “మాకు వినబడలే.”