మసకలో ఎదురొచ్చిన మనిషి

"బాబూ, ఇయ్యాల పడవలు దింపకండి."

బుల్లియ్య ఆగాడు. భుజాన వల, వెనకాల తమ్ముడు సత్తియ్య. పొద్దున్నే రేవుకి పోతున్నవాడితో ఎవరైనా అనే మాటేనా అది?

దారి పక్కన దడికి ఆనుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తల మీంచి మోకాళ్ల దాకా గోనె కప్పుకుంది. మొహం సరిగా కనపడలేదు గానీ, ఆ ఊరి మనిషైతే కాదు.

నరసాపురానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసేచోట ఉంది ఆ పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి అప్పటికింకా పదిహేనేళ్లు కాలేదు. ఊరంతా కలిపి ముప్పై గడప, ఆరు పడవలు. బుల్లియ్య కులపెద్ద. ఆయన పడవ దిగితేనే మిగతా అయిదూ దిగుతాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"దారినపోయేదాన్నండి. మా అమ్మాయికి పురుడొచ్చిందంటే పోతన్నాను. ఆకాశం చూడండి బాబూ."

చూశాడు. కార్తీక మాసం. మబ్బు కాదు, మంచూ కాదు. ఆ చివర్నించి ఈ చివరిదాకా ఒకటే మసక. పొద్దు పైకొచ్చింది గానీ మనిషికి నీడ పడటం లేదు.

"మసకేసింది. అయితే ఏంటంట?"

"ఇలాంటి మసక నేను చూశానండి. ఆ సాయంత్రమే సముద్రం ఊళ్లోకొచ్చేసింది. మా వాళ్లు ఒక్కళ్లూ మిగల్లేదు."

"ఏ ఊళ్లో?"

"గుర్తులేదండి."

"ఏ ఏడు?"

"తెలీదండి. అప్పటికి చంటిదాన్ని. మసగ్గా గుర్తు. నా నీడ కనపట్లేదని ఏడిచాను. ఆ తరవాత అన్నీ నీళ్లే."

సత్తియ్య ఫక్కున నవ్వాడు. పెళ్లయి నెల తిరగలేదు వాడికి, ఏం చూసినా నవ్వే.

బుల్లియ్యకి మాత్రం నవ్వు రాలేదు. మూడు రోజులుగా వల ఖాళీగా వస్తోంది. పల్లెలో పిల్లలు గంజినీళ్లు తాగి పడుకుంటున్నారు. ఇవాళ కూడా చేప పడకపోతే ఆ గంజికీ గతిలేదు.

"ఆకాశమూ మసకే, నీ గుర్తూ మసకే. ఆ రెంటినీ నమ్ముకుని పసివాళ్లని పస్తు పెట్టమంటావా? నీ దారిన నువ్వు పో తల్లీ."

ఆవిడ దడి వెనక్కి వెళ్లిపోయింది. పీడా పోయిందనుకున్నాడు బుల్లియ్య.

రేవులో గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, మగవాళ్లంతా పడవలకి భుజాలు ఆనించారు.

అప్పుడొచ్చింది ఆవిడ. నీళ్లకీ పడవకీ మధ్యన, సరిగ్గా బుల్లియ్యకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి గోనె లేదు.

బోడి నుదురు. బోసి చేతులు. ఒక మణికట్టు మీద నెత్తురు చార.

"అమ్మో, మొగుడు పోయిన మనిషి" అన్నాడు సత్తియ్య. వాడి నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

పడవ దించేవేళ పునిస్త్రీ ఎదురొస్తే వల నిండుతుంది. మొగుడు పోయినది ఎదురొస్తే ఆ పడవ మళ్లీ ఒడ్డుకి రాదు. ఆ పల్లెలో తాతల నాటి నుంచీ ఉన్న నమ్మకం అది. అందరూ పడవల మీంచి భుజాలు తీసేశారు.

బుల్లియ్యకి ఒళ్లు మండిపోయింది.

"ఈ మొహాన్నా గోనె కింద దాచుకొచ్చావు? మా పిల్లల నోటికాడ కూడు చెడగొట్టడానికి ఎక్కణ్ణించి దాపురించావే?"

"కొడితే కొట్టండి బాబూ. పడవలు మాత్రం దింపకండి."

కొట్టలేదు గానీ, మెడ పట్టుకుని గెంటాడు. ఆవిడ ఇసకలో పడి లేచింది.

"ఈ మనిషికి ఊళ్లో ఎవరూ చోటివ్వకండి. మంచినీళ్లు కూడా పొయ్యకండి" అన్నాడు.

కులపెద్ద మాట ఎవరు కాదంటారు? ఇసకదిబ్బల వెంట ఆవిడ ఒక్కతీ వెళ్లిపోయింది.

ఆ రోజు ఒక్క పడవా కదల్లేదు.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది. సాయంత్రానికి సముద్రం పల్లెలోకొచ్చింది. మగవాళ్లంతా ఒడ్డునే ఉన్నారు కాబట్టి, పిల్లల్నీ ముసలివాళ్లనీ భుజాలకెత్తుకుని మెరక ఎక్కించగలిగారు. పాకలు పోయాయి, పడవలు పోయాయి. పల్లె మనిషి ఒక్కడూ పోలేదు.

మూడోనాడు, మొగలి పొదల్లో ఆవిడ కనపడింది.

బుల్లియ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. ఎవరి తల్లో, ఈ చేత్తోనే గెంటాను గదా అని చెయ్యి నేలకేసి కొట్టుకున్నాడు. గొయ్యి తనే తవ్వాడు. ఇంకెవర్నీ పలుగు ముట్టనివ్వలేదు.

ఆయన భార్య అప్పాయమ్మ ఆవిడ మొహం కడిగింది. ఎవరో పసుపూ కుంకుమా తెచ్చారు.

"వద్దే, మొగుడు లేనిదానికి అవి పెట్టకూడదు" అంది అప్పాయమ్మ కళ్లు తుడుచుకుంటూ.

అలా బోడి నుదుటితోనే మట్టి చేశారు.

మర్నాడు మోకాళ్లదాకా బురదతో ఒకతను వచ్చాడు. పేరు చిట్టియ్య అని చెప్పాడు. రెండు రోజులుగా ఊరూరూ వెతుకుతున్నాట్ట.

"మా వీరవేణి ఇటుగా వచ్చిందా అండి? కూతురి ఊరు చేరలేదండి. చిన్నప్పుడు ఉప్పెనలో అందర్నీ పోగొట్టుకున్న మనిషి. ఆకాశం మసకేస్తే చాలు, బెదిరిపోద్దండి."

బుల్లియ్య అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"నువ్వు ఆమెకి ఏమవుతావు బాబూ? తోడబుట్టినవాడివా?"

"కాదండి, పెనిమిటిని" అన్నాడు చిట్టియ్య.