అజ్మతుల్లా పికప్

రాత్రి షట్టరు దించుకుని, మదనపల్లెలో గిటార్లు బాగుచేసే హఫీజ్ తన గిటారుకు పాత పికప్ సోల్డరింగ్ చేసుకున్నాడు. తీగల మోతను స్పీకరుకు పంపే ఆ పికప్ గిటారు వాయించే అజ్మతుల్లాది. అతను గిటారు రిపేరుకిచ్చినప్పుడు హఫీజ్ దాన్ని దాచుకుని, నాసిరకంది బిగించి పంపాడు.

"గిటారు బాగానే ఉండాది. నా చేతులే సచ్చుబడినాయి సూడప్పా," అన్నాడు అజ్మతుల్లా, కొన్నాళ్లకు మళ్లీ షాపుకొచ్చి.

"వయసైపోతాంది భాయ్, అంతే," అన్నాడు హఫీజ్.

అజ్మతుల్లా మళ్లీ గిటారు ముట్టలేదు. పోయిన నెల చనిపోయాడు.

ఇప్పుడు హఫీజ్ స్క్రూడ్రైవరుతో పికప్ మీద తట్టాడు. స్పీకరు టక్కుమంది. కొత్త తీగల పొట్లం విప్పాడు.

ఒక్క తీగా కట్టకముందే స్పీకరులో అజ్మతుల్లా వాయించే పాట మొదలైంది. హఫీజ్ స్పీకరు ప్లగ్గు పీకేశాడు. పాట ఆగలేదు. ఎక్కడా ఒక్క స్వరమైనా తప్పలేదు.