రెండూ కలిపినా

"జవాబు అడగట్లేదక్కా. ఇచ్చిన రెండు వాక్యాల్లో ఏ ఒక్కటైనా చాలుతుందా, రెండూ కలిపితే చాలుతుందా అనే అడుగుతున్నారు. రెండో వాక్యం చదివేటప్పుడు మొదటిదాన్ని అరచేత్తో మూసెయ్. లేనిది ఊహించుకుని మునుగుతావు నువ్వు," అంది చెల్లి, ప్రశ్న చూపిస్తూ. అక్కకు రేపే పరీక్ష.

పక్కింటి పిన్ని గుమ్మంలోకొచ్చింది. "మీ నాన్న మిల్లు తగలబడుతోందటే."

చెల్లి ఫోన్ చేసింది. నాన్న ఎత్తలేదు. మళ్లీ చేసింది. "నాన్న పోయాడక్కా," అంటూ కూలబడింది.

అక్క అరచేత్తో చెల్లి చేతిలోని ఫోన్‌ను మూసింది.

"మిల్లు తగలబడుతోంది. ఇదొక్కటీ చాలుతుందా?"

"చాలదు."

"ఫోన్ ఎత్తలేదు. ఇదొక్కటీ?"

"చాలదు."

"రెండూ కలిపితే?"

చెల్లి ముక్కు తుడుచుకుంది. "కలిపినా చాలదక్కా."

"మరి లే. చెప్పులేసుకో."